తినదగినదను పేరుగల విషము

మన తెలుగునాట పుట్టగొడుగు తొలకరి పంట. మృగశిర కార్తెలో రెండు మంచి వానలు పడి, ఆకాశము ఉరిమిన మరునాటి ఉదయమున చెదపుట్టలపై అది తెల్లగా లేచును. చెదపురుగులతో పొత్తు లేనిదే బ్రదుకజాలని జాతి అది. ఎక్కడ మొలచినదానిని కోయవలెనో ఆ పేరే చెప్పుచున్నది. పల్లెల యందలి పెద్దలు పెంటకుప్పలమీదను, పచ్చికబయళ్లలోను మొలచినవానిని ముట్టవలదని పిల్లలకు నేర్పుటయు ఈ గుర్తును బట్టియే.

అయితే పేరు అన్నివేళల ఇంత నమ్మకమైన గుర్తు కాదు. పేరును నమ్మి మోసపోయిన కథ యొకటి ఉత్తర ఐరోపాలో జరిగినది. దానినే ఈ ప్రసంగమున శ్రోతలకు వినిపింపదలచితిమి.

అక్కడ పుట్టగొడుగులలో కొన్ని వసంతమున వచ్చును. మంచు కరగి, దేవదారు జాతి చెట్లక్రింది ఇసుకనేల కొంచెము వెచ్చబడగానే ప్రజలు బుట్టలు చేతబట్టి అడవికి పోవుదురు. వారు కోరునది ముఖ్యముగా మోరెల్. మన కాశ్మీరమునందును, హిమాచలమునందును గుచ్ఛి యనుపేర మిక్కిలి ప్రియముగా అమ్ముడగునది ఈ కుటుంబమునకు చెందినదే. దాని తల తేనెపట్టువలె గుంటలు గుంటలుగా నుండును. నిలువున కోసి చూచినచో మొదలునుండి కొనవరకు ఒకే బోలు. అదే ఋతువున, అట్టి అడవులలోనే మరియొకటి మొలచును. అది ఎర్రని గోధుమవన్నె గలది. తలపై గుంటలుండవు, మెదడువలె ముడతలుండును. ఫిన్లాండువారు దానిని చెవి పుట్టగొడుగు అందురు. మన కథ దీనిని గూర్చినది.

దీనికి 1800లో శాస్త్రీయ నామము పెట్టినవాడు పెర్సూన్. ఆఫ్రికా దక్షిణాగ్రమున పుట్టి, ఐరోపాలో చదివి, చివరకు పారిస్ నగరమున కడు పేదరికములో కాలముచేసిన పండితుడాయన. పుట్టగొడుగుల శాస్త్రమునకు పునాది వేసినవారిలో ఒకడు. ఆయన దీనికి పెట్టిన పేరులో ‘ఎస్క్యులెంటా’ అను లాటిన్ మాట యున్నది. తినదగినదని దాని అర్థము. 1849లో స్వీడన్ పండితుడు ఫ్రీస్ దీనిని జైరోమిట్ర అను వేరొక ప్రజాతిలో చేర్చెను గాని, ‘ఎస్క్యులెంటా’ను మార్చలేదు. మొదట పెట్టిన జాతినామము అర్థము తప్పినను నిలిచియుండవలెనని వృక్షశాస్త్ర నియమము.

పెర్సూన్‌ను తప్పుపట్టుట న్యాయము కాదని మా యభిప్రాయము. జనము దీనిని తినుచుండిరి, అంగళ్లలో అమ్ముచుండిరి. ఆయన కన్నది వ్రాసెను. చిక్కంతయు దీని స్వభావములో నున్నది. ఒకే పంక్తిని కూర్చుండి తిన్నవారిలో ఒకరికి ఏమియు కాదు, మరియొకరు మంచము పట్టుదురు. ఏండ్ల తరబడి తిన్నవాడే ఒక యేడు తిని చనిపోవుటయు కలదు. ఇట్లు జరిగినప్పుడు నేరమును మరొకదానిపై మోపుట మానవ సహజము: ముదిరినది కోసినారనియో, వేరొకటి కలిసినదనియో అందురు. రోము నగరపు ప్లినీ అంతటివాడు సైతము, త్రుప్పుపట్టిన ఇనుము గాని చివికిన గుడ్డ గాని దగ్గర నుండుటచే పుట్టగొడుగు విషమగునని వ్రాసియున్నాడు.

1885లో బ్యోమ్, క్యూల్జ్ అను ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు ఈ విషము హెల్వెల్లిక్ ఆమ్లమను పదార్థమని ప్రకటించిరి. ఉడికించి నీరు పారబోసినచో విషము పోవునను నమ్మకము అప్పటికే కలదు. మనము కందను చింతపండుతో ఉడికించి దురద పోగొట్టుకొన్నట్లే యని వారు తలచిరి. అసలు సంగతి తెలియుటకు మరి ఎనుబదియేండ్లకు పైగా పట్టినది. 1968లో లిస్ట్, లుఫ్ట్ అనువారు జైరోమిట్రిన్ అను పదార్థమును వేరుచేసిరి. అది కడుపులో మోనోమిథైల్ హైడ్రజీన్‌గా మారును. ఈ రెండవది రాకెట్లలో ఇంధనముగా వాడబడునది! ఇది నీరు మరుగు వేడికి ముందే ఆవిరియగును గనుక, ముద్ద నోట పెట్టకయే పొయ్యివద్ద నిలిచి వండిన ఇల్లాలు జబ్బుపడుటయు కలదు. ఉడికించుటచేతను ఎండబెట్టుటచేతను విషము చాలవరకు తగ్గును. పూర్తిగా పోవునని చెప్పుటకు వీలులేదు. తిన్న ఆరు మొదలు పండ్రెండు గంటలకు గాని వాంతులు మొదలు కావు. పిమ్మట కాలేయము చెడును, మూర్ఛలు వచ్చును. మూర్ఛలకు వైద్యులు బి6 విటమిన్ సూదిమందుగా ఇత్తురు.

పండితులకైనను అనుభవము రక్ష కాదనుటకు వేరొక పుట్టగొడుగు కథ గుర్తుకు వచ్చుచున్నది. జర్మనీలో జూలియస్ షేఫర్ ఈ శాస్త్రమున పేరుపొందినవాడు. 1944లో ఆయన, ఆనాడు తినదగినదిగానే యెంచబడిన పాక్సిల్లస్ అను పుట్టగొడుగు కూర తిని, మూత్రపిండములు చెడి, పదునేడు దినములకు మరణించెను. పలుమారులు తినగా తినగా కొందరి దేహము తన రక్తకణములనే నాశనము చేసికొనునని 1980 తరువాత గాని తేలలేదు. పాత భోజనములే ఆయనకు శత్రువులైనవన్నమాట.

మరల ఫిన్లాండుకు వత్తము. ఆ దేశపు పశ్చిమ భాగమువారు పూర్వము పుట్టగొడుగులను చులకనగా చూచెడివారు; తూర్పున కారేలియావారికి అవి ఉపవాసదినములలో మాంసమునకు బదులు. 1944లో కారేలియా సోవియట్ యూనియన్ వశముకాగా, నాలుగు లక్షలకు పైగా జనము ఇండ్లు విడిచి పడమటికి వచ్చిరి. తమ వంటను కూడ తెచ్చిరి. నేటికిని అక్కడ చెవి పుట్టగొడుగును పచ్చిగా అమ్ముదురు. స్పెయిన్ దాని అమ్మకమును నిషేధించినది. ఫిన్లాండు నిషేధింపక, వండు విధమును తెలుపు హెచ్చరికను సరుకుతో ఇయ్యవలెనన్నది. ఒక వంతుకు మూడు వంతుల నీరు పోసి, కిటికీలు తెరచి, అయిదు నిమిషములకు తగ్గకుండ ఉడికించి, ఆ నీరు పారబోసి కడుగవలెను; తిరిగి క్రొత్త నీటితో అంతయు మరల చేయవలెను. పిల్లలకును గర్భవతులకును పెట్టరాదు. తరతరముల వాడుక గలవారికి ఇది చాలునేమో గాని, పొరుగూరినుండి వచ్చి కొనుక్కొని పోవువాడు రెండవసారి ఉడికించుటకు బద్ధకించినచో ఎవరు చూడవచ్చిరి?

ఇక్కడికి కథ ముగియలేదు. ఫ్రాన్సు దేశపు ఆల్ప్స్ పర్వతములలో మోంషావాన్ అను చిన్న గ్రామము కలదు. కండరములను నడుపు నాడులు క్షీణించిపోవు అరుదైన వ్యాధి అక్కడ 14 మందికి వచ్చినది. కారణము వెదకిన పరిశోధకులు 2021లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆ రోగులు ఈ జైరోమిట్ర కుటుంబపు పుట్టగొడుగులను తినువారు. పోల్చిచూచుటకు ఎన్నుకొన్న ఆరోగ్యవంతులలో వానిని తిన్నవారు లేరు. కార్యకారణ సంబంధము రుజువైనదని వారనలేదు, అనుమానము బలమైనదని మాత్రము చెప్పిరి. రోగులలో సుమారు సగము మంది పూర్వమెన్నడో ఆ కూర తిని జబ్బుపడి, కోలుకొన్నవారట.