బొగ్గు రాజకీయం: ‘కాన్ఫిడెన్షియల్ ఏజెంట్’

యుద్ధాన్ని గురించిన చిత్రమంటే తెరమీద ఫిరంగులూ కందకాలూ కనిపించి తీరాలన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. వార్నర్ బ్రదర్స్ సంస్థ 1945లో విడుదల చేసిన ‘కాన్ఫిడెన్షియల్ ఏజెంట్’ ఈ అభిప్రాయాన్ని కాదంటుంది. స్పెయిన్ అంతర్యుద్ధమే దాని వస్తువు. కాని కథ నడిచేది ఇంగ్లండులో. 1937లో డెనార్డ్ అనే సంగీత విద్వాంసుడు స్పెయిన్ రిపబ్లిక్ ప్రభుత్వం తరఫున ఇంగ్లీషు బొగ్గు కొనడానికి వస్తాడు. కొనలేకపోతే, ఆ బొగ్గు ఫ్రాంకో మనుషులకు దక్కకుండానైనా చూడాలి.

మొదటిసారి చూసినప్పుడు దీన్ని నేనూ మామూలు నేరచిత్రాల కోవలోనే వేశాను. చీకటి వీధులు, పిస్తోలు, పత్రాల దొంగతనం, పీటర్ లోరీ పోషించిన ద్రోహి పాత్ర – అన్నీ ఆ కోవవే. రెండోసారి చూసినప్పుడు నా దృష్టి హంతకుల మీదనుంచి బొగ్గు మీదికి మళ్ళింది. ఒక దేశ ప్రజల భవిష్యత్తు మరో దేశపు గని యజమాని సంతకం మీద ఎందుకు ఆధారపడవలసి వచ్చింది?

లక్నోలో అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగిన మూడు నెలలకే, 1936 జూలైలో, స్పెయిన్ సైనికాధికారులు ఎన్నికైన ప్రభుత్వం మీద తిరుగుబాటు చేశారు. ఆగస్టులో బ్రిటన్, ఫ్రాన్సుల చొరవతో ‘జోక్యరాహిత్య’ ఒప్పందం పుట్టింది. దానిమీద సంతకం చేసిన జర్మనీ, ఇటలీలే ఫ్రాంకోకు విమానాలూ సైన్యమూ పంపాయి. రిపబ్లిక్‌కు మాత్రం ఆయుధాలు కొనుక్కునే దారులు మూసుకుపోయాయి. 1937 జనవరిలో అమెరికా కాంగ్రెసు కూడా స్పెయిన్‌కు ఆయుధాల ఎగుమతిని నిషేధించింది. కాని చమురు ఆయుధాల జాబితాలో లేదు. టెక్సాకో కంపెనీ ఫ్రాంకోకు అరువు మీద చమురు పోసింది. తటస్థత ఎవరి పక్షమో ఇంతకంటె విడమరచి చెప్పనక్కర్లేదు. ఈ చిత్రంలో బొగ్గు చేసే పనీ ఇదే.

నన్ను ఇప్పటికీ వెంటాడేది గని కార్మికుల ఘట్టం. యజమానుల దగ్గర ఓడిపోయిన డెనార్డ్ గని ఊరికి వెళ్ళి, మీరు తవ్వే బొగ్గు ఫాసిస్టులకు పోతుంది, తవ్వకండి అని కార్మికులను వేడుకుంటాడు. వాళ్ళు వినరు. ఎన్నాళ్ళుగానో మూతపడ్డ గని తెరుచుకుంటోంది. ఇంట్లో పొయ్యి వెలగాలి. మన కథల్లో అయితే ఒక్క ఉపన్యాసంతో ఊరంతా జెండా పట్టుకుని కదిలిపోతుంది. (నేనూ అలాంటివి రాశాను.) ఇక్కడ కార్మికులు దుర్మార్గులు కారు, అజ్ఞానులూ కారు. ఆకలిని కూడా యజమాని తన ఆస్తిలో భాగంగా వాడుకుంటున్నాడని ఆ ఘట్టం చూపిస్తుంది. మూలనవల రాసిన గ్రాహం గ్రీన్ మార్క్సిస్టు కాదు, కాథలిక్కు. అయినా అతనికి కనిపించిన ఈ నిజం మన వాళ్ళలో కొందరికి కనిపించలేదు.

హోటల్లో చాకిరీ చేసే పద్నాలుగేళ్ళ పిల్ల డెనార్డ్ పత్రాలు దాచిపెట్టి, అందుకు ప్రాణమిస్తుంది. వాండా హెండ్రిక్స్ నటించిన ఆ పాత్ర ముందు లారెన్ బకాల్ పోషించిన గని యజమాని కూతురు తేలిపోయింది. ఇంగ్లీషు ప్రభువు బిడ్డ అమెరికన్ యాసలో మాట్లాడటం ఒక ఎబ్బెట్టు. జేమ్స్ వాంగ్ హోవ్ ఛాయాగ్రహణం ఈ లోపాన్ని చాలావరకు కప్పిపుచ్చింది.

1939లో వచ్చిన నవలలో గ్రీన్ దేశం పేరు చెప్పలేదు. అంతకు ముందు సంవత్సరం, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, జాన్ హోవర్డ్ లాసన్ రచనతో వచ్చిన ‘బ్లాకేడ్’ చిత్రం కూడా ఏది ఏ పక్షమో చెప్పలేకపోయింది. చెప్పకపోయినా కాథలిక్ సంఘాలు దానిమీద నిరసన తెలిపాయి. 1945 చిత్రం మాత్రం స్పెయిన్ అనీ ఫాసిస్టులనీ బాహాటంగా పలికింది. అప్పటికి హిట్లర్ చచ్చాడు. రిపబ్లిక్ కూలి ఆరేళ్ళు దాటింది. మాట సాయం కావలసిన రోజుల్లో మౌనం, ఆ తర్వాత ధైర్యం! ఆ ధైర్యమూ రెండేళ్ళే నిలిచింది. 1947లో అమెరికన్ వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం హాలీవుడ్ మీద పడింది. సమాధానం చెప్పనన్న లాసన్ 1950లో జైలుకు వెళ్ళాడు. 1953లో అమెరికా ఫ్రాంకోతో సైనిక స్థావరాల ఒప్పందం మీద సంతకం చేసింది.