గోదావరి జిల్లాల్లో ఇంటర్నెట్ విస్తరణ, సత్యం పాత్ర

ఉభయ గోదావరి జిల్లాలకు ఇంటర్నెట్ 1990ల చివర్లో పట్టణాల టెలిఫోను తీగల మీదుగా వచ్చి, 2005 తరువాత పల్లెబాట పట్టింది. ఈ విస్తరణ ఘనతలో సాఫ్ట్‌వేర్ సంస్థ సత్యం కంప్యూటర్స్‌కు ఎంత వాటా ఇవ్వాలన్నది ఇక్కడి ప్రశ్న. 1987లో సత్యాన్ని స్థాపించిన బైర్రాజు రామలింగరాజు భీమవరంలో పుట్టారు, వారి కుటుంబానిది పక్కనే ఉన్న గరగపర్రు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలు పెట్టుకున్న సీమ ఇది. మేలు చేసినవాడి పేరు పట్టుకోవడం ఇక్కడి జనానికి అలవాటు.

ఇదే ప్రశ్న ప్రపంచంలో మైక్రోసాఫ్ట్ మీద నడిచింది. విండోస్ లేకపోతే ఇంటర్నెట్ ఇంటింటికీ వచ్చేదా అని దాని పక్షం వాదన. తేదీలు వేరే కథ చెబుతాయి. ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ 1969లో అమెరికా రక్షణశాఖ సొమ్ముతో మొదలైంది. టిమ్ బెర్నర్స్ లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించింది సెర్న్ పరిశోధనాలయంలో. ఇంటర్నెట్ ఉప్పెనలా వస్తోందని బిల్ గేట్స్ తన అధికారులకు రాసింది 1995 మే 26న. ఏరు పొంగాక పడవ దింపిన సంస్థ మైక్రోసాఫ్ట్. అయినా తెలుగువాళ్లు దానికి ఒక విషయంలో ఋణపడ్డారు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు ఒక తెలుగు ఖతి కంప్యూటర్లలోకి వచ్చింది. దాని పేరు గౌతమి, ధవళేశ్వరం దిగువన చీలే గోదావరి పాయ పేరు. ఆ ఖతికి ఆధారమైన యూనికోడ్ అక్షర ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది.

మన దేశంలో ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను ప్రజలకు తెరిచింది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి రాగానే రంగంలోకి దిగిన మొదటి సంస్థ సత్యం కంప్యూటర్స్‌కు అనుబంధమైన సత్యం ఇన్ఫోవే. మరుసటి ఏడాదే అది అమెరికాలో నాస్‌డాక్ మార్కెట్‌కెక్కింది. గోదావరి పట్టణాల్లో మాత్రం తీగ ప్రభుత్వానిదే. మోడెమ్ కీచుమంటూ కలిసేదాకా కాచుకోవాలి, కలిసాక ఇంటికి ఫోను రాదు. 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాకే ఆ అవస్థ తీరడం మొదలైంది.

సత్యం పేరు నిజంగా నిలబడాల్సింది పల్లెల దగ్గర. రామలింగరాజు కుటుంబం తండ్రి సత్యనారాయణరాజు జ్ఞాపకార్థం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. మీడియా ల్యాబ్ ఆసియా అనే పరిశోధన సంస్థతో కలిసి అది పశ్చిమ గోదావరిలో 'అశ్విని' పథకం నడిపింది. భీమవరం దాకా తీగ మీద వచ్చిన ఇంటర్నెట్‌ను అక్కడినుంచి వైఫై తరంగాల మీద ఊళ్లకు పంపడం దాని పద్ధతి. డెల్టాలో కొండ లేదు, గుట్ట లేదు, నేల చదును. అడ్డల్లా కొబ్బరిచెట్టే. ఈ తరంగాన్ని ఆకుల్లోని నీరు పీల్చేస్తుంది, కాబట్టి ఏంటెనా మట్టల పైకి లేవాలి. రేడియో పరికరం చవక, దాన్ని మోసే టవరుకే ఖర్చు. ఆ టవర్ల మీదుగా ఊళ్లో కూర్చున్న రోగి తెరమీద డాక్టరుతో మాట్లాడాడు, పిల్లలు దూరాన ఉన్న మాస్టారి పాఠం విన్నారు.

అయితే ఆ పరికరం చవకైంది ప్రపంచమంతా ఒకే వైఫై ప్రమాణాన్ని పాటించడం వల్ల. ఆరుబయట ఆ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకునే వీలు కేంద్రం 2005 జనవరిలో కల్పించింది. దారి అందరిదీ, బండి ఫౌండేషన్‌ది. బండి కట్టినందుకు ఆ సంస్థకు పేరు రావాలి, దారి వేసిన పేరు మాత్రం దానిది కాదు.

ఫౌండేషన్ గ్రామ్‌ఐటీ పేరుతో తూర్పున ఈతకోటలో, పశ్చిమాన జల్లికాకినాడలో పల్లె బీపీవోలు, అంటే వేరే సంస్థల కార్యాలయ పని చేసిపెట్టే కేంద్రాలు, తెరిచింది. సొంత ఊరు వదలకుండా, సాయంత్రానికి ఇల్లు చేరుతూ కంప్యూటరు ఉద్యోగం చేయవచ్చని అవి చూపించాయి. ఇంటర్నెట్ వల్ల డెల్టాకు జరిగిన మేలుల్లో దీన్నే ముందు చెప్పాలి.

2009 జనవరి 7న రామలింగరాజు సత్యం లెక్కల్లోని మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాశారు. ఆ ఏప్రిల్‌లో సత్యం టెక్ మహీంద్రా చేతికి వెళ్లింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆయన్ను దోషిగా తేల్చింది. ఫౌండేషన్‌కు వెన్నుదన్ను పోయింది. ఒక్క కుటుంబం సంపద మీద ఆనిన సేవకు ఆ కుటుంబం కష్టమే ముప్పయింది.

తరువాతి అడుగు ప్రభుత్వానిది. 2016 డిసెంబరులో కోనసీమలోని జీడిపప్పు ఊరు మోరికి ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు.

సత్యం మీద పుస్తకాలూ తీర్పులూ ఉన్నాయి, పల్లెల్లో జరిగిన పనికి కూడా సాక్ష్యం నిలవాలి. కొబ్బరితోటల మధ్య టవరెక్కి ఏంటెనా తిప్పినవాళ్లు, ఈతకోట బల్లల దగ్గర పనిచేసినవాళ్లు తమ అనుభవాలు, ఫోటోలు, ఉద్యోగ కాగితాలు ఊరి గ్రంథాలయాలకైనా అందజేయాలి. ఈ చరిత్రకు కావలసిన సాక్ష్యం వాళ్ల దగ్గరే ఉంది.