నేను ఏ అరుణని?

బారసాల రోజున పళ్లెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో మా నాన్న రాసిన పేరు పుల్లమ్మ. అది మా మామ్మకి అత్తగారి పేరు. ఆవిడకి ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారట. ఈ పిల్లయినా దక్కాలని ఎంగిలి విస్తరాకులో పొర్లించి పుల్లమ్మ అన్నారు. పుల్లయ్య, పెంటయ్య, పెంటమ్మ వంటి పేర్లన్నీ అలా వచ్చినవే. మృత్యువు కూడా ముట్టుకోకూడదని అందమైన పేరు పెట్టకపోవడం ఒకప్పటి తల్లుల తెలివి. మా ముత్తమ్మమ్మ ఎనభై ఏళ్లు బతికింది కాబట్టి ఆ పేరు మంచిదేనని మా ఇంట్లో లెక్క.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ పేరే పెట్టాలని పట్టుబట్టిన మా మామ్మ ఆ పేరుతో నన్ను పిలవలేదు. కోడలు అత్తగారి పేరు నోటితో అనకూడదు కదా! తెలుగు ఇళ్లల్లో బుజ్జి, చిట్టి, బేబి, పాప లాంటి ముద్దుపేర్లు అన్ని పుట్టడానికి ప్రేమ ఒక్కటే కారణం కాదు, ఈ నిషేధం కూడా. పెద్దల పేరు పిల్లకి పెట్టాలి, పెద్దల పేరు పలకకూడదు. ఈ రెండు ఆజ్ఞల మధ్య సన్నటి సందు ఒకటి ఉంది. ఆ సందులోంచే మా అమ్మ తన పని కానిచ్చుకుంది. “పిలవడానికి అరుణ అందాం అత్తయ్యా, సూర్యనారాయణమూర్తి పేరే కదా” అంది. మాది శ్రీకాకుళం జిల్లా. అరసవల్లి స్వామి పేరంటే మామ్మ కాదనలేదు. అయిదేళ్ల తర్వాత బడిలో చేర్చేటప్పుడు అమ్మ పిలుపు పేరునే రాయించింది. పుల్లమ్మ బియ్యంలోనే ఉండిపోయింది.

సూర్యుడి పేరు అన్నది అమ్మ చెప్పిన సాకు మాత్రమేనని నాకు చిన్నప్పుడే తెలుసు. “నీ పేరు నవల్లోది” అని అమ్మ ఎప్పుడో ఒకసారి అంది. ఏ నవల అని నేను అడగలేదు. అడగకుండానే నాకు తెలుసనుకున్నాను. ఓల్గా ‘స్వేచ్ఛ’ నవల 1987లో వచ్చింది. నేను 1988లో పుట్టాను. ‘స్వేచ్ఛ’ నాయిక పేరు అరుణ. ప్రేమించి పెళ్లి చేసుకుని, ఆ పెళ్లిలో తనకి చోటు చాలక బయటికి నడిచిన అరుణ. ఇంకేం కావాలి? తెలుగు నవలలో స్త్రీల మీద పరిశోధన చేసి, నా సిద్ధాంత గ్రంథాన్ని అమ్మకి అంకితం ఇస్తూ ‘ఓల్గా అరుణ పేరుని నాకు ఇచ్చిన అమ్మకి’ అని రాసుకున్నాను. తారీఖులు కుదిరాయి కాబట్టి కారణం కూడా కుదిరిందనుకున్నాను. పరిశోధకులు చేయకూడని తప్పు అదే.

ఆ తప్పు గురించి చెప్పేముందు, ఈ పేర్ల చరిత్ర కొంత చెప్పాలి.

కల్పిత పాత్రల పేర్లు పిల్లలకి పెట్టడం మనకి కొత్తేమీ కాదు. శకుంతల, దమయంతి, సావిత్రి పేర్లు కథల్లోంచే వచ్చాయి. కాకపోతే వాటికి పురాణం అండ ఉంది. నవల వచ్చాక జరిగినది వేరు. ఇంగ్లీషులో రిచర్డ్‌సన్ 1740లో రాసిన ‘పమేలా’ నాయిక ఒక పనిపిల్ల. ఆమె పేరు తర్వాత గొప్పింటి పిల్లలకీ వచ్చింది. షార్లెట్ బ్రాంటీ 1849లో ‘షర్లీ’ రాసేనాటికి షర్లీ మగపేరు. కొడుకు కోసం ఎదురుచూసిన తల్లిదండ్రులు కూతురు పుడితే ఆ పేరే పెట్టారని ఆ నవలలో ఉంటుంది. ఆ తర్వాత అది ఆడపేరైపోయింది. ఒక రచయిత్రి ఒక మగపేరుని ఆడవాళ్లకి రాసిచ్చేసినట్టే. 1904లో రంగస్థలం ఎక్కిన ‘పీటర్ పాన్’ వల్లనే వెండీ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది.

మన దగ్గర ఏ పాత్రల పేర్లు ఇళ్లలోకి వచ్చాయి, ఏవి గడప దగ్గరే ఆగిపోయాయి అని చూస్తే చరిత్ర మరింత స్పష్టంగా కనిపిస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో తిరగరాసిన కూర్పు వచ్చింది. అందులో మధురవాణిని మెచ్చుకోని విమర్శకుడు అరుదు. కాని ఆ మెచ్చుకున్న పెద్దల ఇళ్లలో మధురవాణి అనే కూతురు ఉన్నట్టు నేను వినలేదు. వేశ్య పేరు ఇంటి ఆడపిల్లకి ఎలా పెడతారు? 2018లో ‘మహానటి’ సినిమాలో ఒక పత్రికా విలేకరికి ఆ పేరు పెట్టి, గౌరవనీయమైన పాత్రగా చూపించగలిగారంటే ఆ మరక వదలడానికి నూరేళ్లు పైనే పట్టిందన్నమాట.

నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ 1925లో పుస్తకంగా వచ్చాయి. అప్పటినుంచి ఎంకిని పాడారు, బొమ్మలు గీశారు, తెలుగుదనానికే ప్రతీక అన్నారు. కాని పాడినవాళ్లు కూతుళ్లకి ఎంకి అని పెట్టుకోలేదు. అది కింది కులాల పేరు. ‘ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చినట్టు’ అన్న సామెతలో ఇద్దరు ఆడవాళ్లకీ పూర్తి పేర్లు లేవు చూడండి. మా ఇంట్లో పశువుల సాల ఊడ్చే ఆవిడని అందరూ ఎంకి అనే పిలిచేవారు. నేనూ అలాగే పిలిచాను, నాకప్పుడు ఏడేళ్లు, ఆవిడకి యాభై. ఒకసారి తన రేషన్ కార్డు చదివిపెట్టమని ఇస్తే అందులో వెంకటలక్ష్మి అని ఉంది. ఆ పేరు పైకి చదివితే ఆవిడ నవ్వి “నానే” అంది. మర్నాటి నుంచి మళ్లీ ఎంకి అనే పిలిచాను.

ఆడవాళ్ల చేతికి నవల వచ్చాక పేర్లు పెట్టే అధికారం కొంతైనా ఆడవాళ్ల చేతికి వచ్చింది. 1960ల, 70ల వారపత్రికల సీరియళ్లు, అద్దె పుస్తకాల షాపులు, కుట్టి దాచుకున్న బైండు పుస్తకాలు ఆ తరం తల్లుల సొంత ఆస్తి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1976లో సినిమా అయింది. అందులో జయంతి, రాజశేఖరం. ‘మీనా’, ‘జీవన తరంగాలు’ రెండూ 1973లో సినిమాలుగా వచ్చాయి. వెంకమ్మ, సుబ్బమ్మ, మంగమ్మల ఇళ్లలోకి జయంతి, మీనా, విమల, అరుణ వచ్చారు. పేరు చివరి ‘అమ్మ’ పోయింది. ఆ ‘అమ్మ’లో గౌరవం ఉందనుకున్నా, పుట్టిన రోజే ఆడపిల్లకి తల్లి పదవి కట్టబెట్టడం కూడా ఉంది. దాన్ని తీసేయడం చిన్న పని కాదు.

నాకు తెలిసిన ఇళ్లలో ఒక తేడా గమనించాను. అభ్యుదయ భావాలున్న తండ్రులు కొడుకులకి శరత్‌చంద్ర, రవీంద్రనాథ్ అని రచయితల పేర్లు పెట్టారు. కూతుళ్లకి వచ్చినవి చాలావరకు పాత్రల పేర్లు. మగపిల్లవాడు రాసేవాడు కావాలి, ఆడపిల్ల రాయబడితే చాలు! తల్లులు కొడుకులకి పెట్టిన పేర్లు మరో కథ. రాజశేఖర్ అంటే శివుడి పేరే కాబట్టి అత్తవారు అభ్యంతరం చెప్పలేదు. ఆ పేరు పిలిచిన ప్రతిసారీ తల్లికి ఏ రాజశేఖరం గుర్తొచ్చేవాడో ఆమెకే తెలుసు. కట్టుకోలేని మనిషిని కొడుకుగానైనా పెంచుకోవాలనుకోవడం మీద నవ్వు రావచ్చు. నాకు మాత్రం నవ్వు రాదు.

ఈ చరిత్రకి దస్తావేజులు లేవు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించి, పేరు తర్వాత చేర్పించుకోవచ్చు. రిజిస్టరులో పేరుకి గడి ఉంది. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నదానికి గడి లేదు. తల్లి చెప్పిన సాకు ఇంట్లో నిలిచిపోతుంది, అసలు కారణం ఆమెతోనే పోతుంది. అందుకే అమ్మని అడిగాను, అంకితం అచ్చయిన ఆరేళ్ల తర్వాత.

“ఓల్గాగారి అరుణా? ఆ పుస్తకం నువ్వు యూనివర్సిటీ నుంచి తెచ్చి ఇస్తేనే కదే నేను చదివింది!” అంది అమ్మ. అంకితం చూసినప్పుడే తెలిసిందట తప్పని. అంత ముచ్చటగా రాసుకున్నావు, ఎందుకులే అని ఊరుకుందట.

“మరి ఏ అరుణ? చలం అరుణా?”

“చలం మా ఇంట్లోకి ఎక్కడొచ్చాడు? బలిపీఠం.”

కాసేపు నాకు మాట రాలేదు. రంగనాయకమ్మ ‘బలిపీఠం’ చదివినవారికి నా ఇబ్బంది అర్థమవుతుంది. బ్రాహ్మణ వితంతువు అరుణ, దళిత యువకుడు భాస్కర్ పెళ్లి చేసుకుంటారు. అరుణ కులాహంకారం ముందు ఆ పెళ్లి నిలవదు. ఆమెని మెచ్చుకోమని రచయిత్రి ఎక్కడా చెప్పలేదు. 1975లో సినిమాగా వస్తే శారద ఆ పాత్ర వేసింది. అలాంటి అరుణ పేరు కోరి కోరి కూతురికి పెట్టుకోవడమేమిటి?

“అందరూ దాన్నే అన్నారు” అంది అమ్మ. “ఇంట్లో చదివినవాళ్లంతా, మంచి మొగుణ్ణి కాల్చుకు తింది అన్నారు. అప్పుడే మీ పెద్దమ్మ కాపురం వదిలి ఇంటికొచ్చేసింది. దాన్నీ అదే మాట అనేవారు. ఆ పుస్తకం అడ్డం పెట్టుకుని అనేవారు. ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టాలని అప్పుడే అనుకున్నాను.”

పెద్దమ్మ ఎందుకు వచ్చేసిందో నాకు తెలుసు. ఆమె వీపు మీది మచ్చలు నేను చూశాను. అమ్మ కోపం నాకు అర్థమైంది, గర్వంగా కూడా అనిపించింది. ఒక రచయిత్రి నిలదీసిన పాత్రని ఒక పాఠకురాలు అక్కున చేర్చుకుంది. స్త్రీవాద విమర్శ నేర్చుకున్న నాకు అక్కడితో వ్యాసం పూర్తయినట్టే అనిపించాలి.

కాని పూర్తికాలేదు. అమ్మ చదివిన నవలలో భాస్కర్ మొగుడు మాత్రమే. రంగనాయకమ్మ రాసిన నవలలో అతను దళితుడు. పెద్దమ్మ పడిన దెబ్బలూ, భాస్కర్‌కి జరిగిన అవమానమూ ఒకటి కావు. అందరూ నిందించిన ఆడదాన్ని చూసిన అమ్మకి, ఆ ఆడది ఎవరిని అవమానించిందో కనబడలేదు. మాది బ్రాహ్మల ఇల్లు కాదు. కాని పొలం ఉన్న ఇల్లు, పాలేరు పేరు చివర ‘గాడు’ తగిలించే ఇల్లు, వెంకటలక్ష్మిని ఎంకి అన్న ఇల్లు. అలాంటి ఇంట్లో కూర్చుని చదివితే భాస్కర్ కులం కనబడకపోవడం వింతేమీ కాదు.

యూనివర్సిటీలో నా గదిలో ఉన్న దళిత స్నేహితురాలికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆమె మెల్లిగా అంది: “మా ఊళ్లో ఆసామి కూతురికీ నాకూ ఒకటే పేరు. బడిలో నా పేరు మార్పించమని మా నాన్నని అడిగారు. మార్చనని ఆయన రెండేళ్లు వాళ్ల పొలంలో పని లేకుండా ఉన్నాడు. పేరెందుకు పెట్టారో నాకు ఎప్పుడూ అడగాల్సిన పని రాలేదు.” పదేళ్ల స్నేహంలో ఆ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. నా పేరు వెనక ఒక నవల ఉందని మాత్రం ఆమెకి ఎన్నిసార్లు చెప్పుకున్నానో!

పేరు మార్చుకోవాలని నాకు లేదు. అక్కని అన్నవాళ్ల మీద ఇరవై ఏళ్లయినా నిండని ఒక అమ్మాయి పట్టిన పట్టు నా పేరు. అదే పేరులో ఆమె చూడని మనిషి కూడా ఉన్నాడు. రెండూ నావే. సూర్యుడి పేరని ఒకసారి, ‘స్వేచ్ఛ’ పేరని ఒకసారి చెప్పుకుని మొదటిదాన్ని దాచాం. ఇక రెండోదాన్ని దాచకూడదు.

ఈమధ్య మా తమ్ముడికి కూతురు పుట్టింది. మరదలు ఒక సినిమా పాత్ర పేరు పెడతానంది. అమ్మ ముఖం చిట్లించింది, తర్వాత ఏమనుకుందో “ఎందుకా పేరు?” అని అడిగింది. తనని ఎవరూ అడగని ప్రశ్న. మరదలు చాలాసేపు చెప్పింది. ఆమె చెప్పింది నేను ఒక నోటు పుస్తకంలో తారీఖు వేసి రాసిపెట్టాను. అది ఆ పిల్లకి చెందిన కాగితం, ఇక్కడ రాయను.

యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్న నా సిద్ధాంత గ్రంథం ప్రతిలో అంకితం తప్పుగానే ఉంది. ఎప్పుడైనా ఎవరైనా అది తెరిస్తే, ఈ వ్యాసాన్ని దానికి సవరణగా చదువుకోమని మనవి.