అరువిచ్చినవాని హక్కు

సరకు అరువిచ్చి సొమ్ము రాని మా ఎలమంచిలి వర్తకునికి గతి యేమి? 1913 నాటి కంపెనీల చట్టము ప్రకారము, బాకీ 500 రూపాయలకు మించి, తాకీదిచ్చిన మూడు వారములలో చెల్లకున్నచో, ఆ కంపెనీని మూయింపుమని న్యాయస్థానమును కోరవచ్చెను. 2016 నాటి దివాలా స్మృతి ఆ గడువును 10 దినములకు కుదించెను. తాకీదునకు ముందే సరకుపై నిజమైన తగవున్నచో అర్జీ చెల్లదని సుప్రీముకోర్టు 2017లో నిర్ణయించెను. 2020 మార్చి 24న కనీసపు బాకీ లక్షనుండి కోటి రూపాయలకు పెరిగెను. పెద్ద కంపెనీలకిది రక్ష. కోటికి లోబడిన బాకీగల చిన్నవర్తకునికి మాత్రము ఆ ద్వారము మూతపడెను. అతనికి మిగిలినది సివిలు దావా. చిన్న పరిశ్రమగా నమోదైయున్నచో 2006 నాటి చట్టపు మండలి. ఎక్కడికేగినను సరకు ముట్టినట్లు సంతకముగల చీటియే సాక్షి. దానిని భద్రపరచుకొనుడు; మూడేండ్లు మించక ముందే కదలుడు.