ఆస్ట్రేలియా పొదలు, ఢిల్లీ కుండీలు

దక్షిణ ఢిల్లీలో జియా సరాయ్, బేర్ సరాయ్, కట్వారియా సరాయ్, కాలూ సరాయ్ అనే పల్లెల పేర్లు పూర్వం బాటసారులు దిగిన మజిలీలను స్ఫురింపజేస్తాయి. 1961లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 1963లో ఐ.ఐ.టి.గా మారిన విద్యాసంస్థ సరసనే ఉన్న జియా సరాయ్ ఆ తర్వాత కూడా మజిలీగానే మిగిలింది. పోటీ పరీక్షలకు చదువుకొనే యువకులు, వారిలో తెలుగువారూ, ఇరుకు గదుల్లో కొంతకాలం గడిపి వెళ్లిపోతుంటారు. నగరం మింగిన ఇటువంటి పల్లెలో చెట్టుకు నేల కరవు. మేడమీద ఒక కుండీకి చోటు చిక్కితే అదే ఉద్యానం. వామనవృక్ష కళకు ఇంతకంటె తగిన చోటు మరొకటి ఉండదు.

ఈ కళ మన పూర్వులదేనని, జపానుకు ఇక్కడినుంచే వెళ్లిందని వాదించేవారున్నారు. ఆ వాదంలో ఉత్సాహం ఉన్నంతగా ఆధారం లేదు. చైనాలో 706లో నిర్మించిన జాంగ్‌హువాయ్ రాకుమారుని సమాధి కుడ్యచిత్రంలో పరిచారకులు చిన్న మొక్కలున్న పళ్లేలు మోస్తూ కనిపిస్తారు. జపానులో 1309 నాటి చిత్రపటంలో కుండీ చెట్లున్నాయి. ఇంత స్పష్టమైన సాక్ష్యం మన వైపునుంచి చూపినవారు లేరు. ఒక కళ మనది కావడానికి అది ఇక్కడే పుట్టి ఉండనక్కరలేదు కదా!

కుండీలోకి ఎక్కే మొక్కల చరిత్ర అంతకంటె ఆసక్తికరం. ఢిల్లీ ఉద్యానవనాల్లో ఎర్రని కుచ్చులతో వేలాడే బాటిల్‌బ్రష్ ఆస్ట్రేలియా వాసి. 1770లో కెప్టెన్ కుక్ నౌకలో ఆ తీరం చేరిన జోసెఫ్ బాంక్స్ ఈ జాతి మొక్కను 1789లో ఇంగ్లండుకు పరిచయం చేశాడు. 1814లో రాబర్ట్ బ్రౌన్ దీనికి కాలిస్టెమాన్ అని పేరు పెట్టాడు. అందమైన కేసరాలు కలది అని ఆ గ్రీకు మాటకు అర్థం. ఈ బాంక్సుకు తెలుగుదేశంతోనూ సంబంధం ఉంది. 1781 నుంచి సామర్లకోటలో వృక్షశాస్త్ర పరిశోధన సాగించిన విలియం రాక్స్‌బర్గ్ భారతీయ చిత్రకారులచేత గీయించిన కోరమాండల్ మొక్కల చిత్రాలు 1795 నుంచి లండన్లో గ్రంథరూపం పొందింది బాంక్స్ పర్యవేక్షణలోనే. అందులో అనేక మొక్కలకు తెలుగు పేర్లు నమోదయ్యాయి. సిడ్నీ పొదనూ గోదావరి సీమ మొక్కనూ ఒకే మనిషి బల్లమీదికి చేర్చిన సామ్రాజ్యం అది.

బాటిల్‌బ్రష్ మన జామకు, నేరేడుకు సగోత్రీకురాలు. దాని కాయలు కొయ్యబొడిపెల్లా కొమ్మను అంటిపెట్టుకొని ఏళ్లతరబడి మూతపడే ఉంటాయి. కార్చిచ్చు తగిలినా, కొమ్మ ఎండినా తెరచుకొంటాయి. కనుక కాయలున్న కొమ్మ కోసి కాగితపు సంచిలో ఉంచితే కొద్దిరోజుల్లో ధూళివంటి విత్తులు రాలుతాయి. వీటిని మట్టితో కప్పకూడదు. ఇసుక కలిపిన మట్టిపై చల్లి, కుండీని నీళ్ల పళ్లెంలో నిలిపి అడుగునుంచి తడి అందించాలి. అయితే విత్తుమొక్కకు తల్లి గుణం వస్తుందన్న హామీ లేదు. పువ్వు రంగు నచ్చినవారు కొమ్మముక్కలనే ఆశ్రయిస్తారు. మరీ లేతది, మరీ ముదురుది కాని చివరి కొమ్మను జానెడుకు తక్కువగా కోసి, కింది ఆకులు దూసి, ఇసుకలో గుచ్చాలి. ఢిల్లీలో జులై, ఆగస్టు నెలల తేమ దీనికి అనుకూలం. మే నెల వడగాలిలో ఈ ప్రయత్నం చేయడం వ్యర్థం. వేలాడే కొమ్మల రకం స్వదేశంలో వాగుల ఒడ్డున పెరుగుతుంది. అందుచేత పలుచని పళ్లెపు కుండీలో ఒక్కపూట ఎండినా వాడిపోతుంది. మోడు వారిన కాండంనుంచి తిరిగి చిగురించే శక్తి మాత్రం దానికి పుష్కలం. కత్తెర పట్టేవారికి ఇది వరం.

బాంక్స్ పేరు మోసే బాంక్సియా కథ వేరు. భాస్వరం అతి తక్కువగా ఉన్న ప్రాచీన నేలల్లో బతకడానికి దాని వేళ్లు గుత్తులుగా అల్లుకొని, దొరికిన కొద్దిపాటి భాస్వరాన్నీ పీల్చుకొంటాయి. మన తోటమాలి ప్రేమతో వేసే ఎముకల పొడి దానికి విషతుల్యం.

ఆస్ట్రేలియాలోనూ ఈ పొదలకు గౌరవం ఆలస్యంగానే దక్కింది. అక్కడి బోన్సాయ్ అభిమానులు చాలాకాలం జపాను పైన్, మేపుల్ చెట్లనే ఆదర్శంగా భావించారు. కాన్‌బెర్రాలో 2008లో ప్రారంభమైన జాతీయ సేకరణలో స్వదేశీ చెట్లకూ స్థానం లభించింది. ఢిల్లీలో లోధీ గార్డెన్ బోన్సాయ్ పార్కును చూసేవారికి, మర్రి, రావి, జువ్విలకూ అటువంటి పీట వేయవద్దా అన్న ప్రశ్న కలగడం సహజం. పరాయి మొక్క అంటే బెదురు నిష్కారణం కాదు. మెక్సికోనుంచి తెచ్చిన విలాయతీ కీకర్ ఢిల్లీ రిడ్జ్‌ను ఆక్రమించి స్థానిక వృక్షాలను నెట్టివేసింది. కుండీలో కట్టుబడిన పొదను దానితో ఒకే గాటన కట్టడం మాత్రం సబబు కాదు.

ఆస్ట్రేలియాలోనూ ఆగ్నేయాసియా తీరాల్లోనూ సహజంగా పెరిగే చెట్టొకటి కోస్తాంధ్ర ఇసుక నేలల్లో తోటలుగా విస్తరించి, పందిరి గుంజగా, వంటచెరకుగా తెలుగువారి ఇంటిలో భాగమైంది. సరుగుడు అనే ఆ పేరు విన్నవారికి అది వలసచెట్టని తోచనే తోచదు. బాటిల్‌బ్రష్‌కు అంతగా నాటుకొన్న తెలుగు పేరు లేదు.