తపాలాలో తిరిగిన మందు

మన యిండ్లలో స్త్రీలు గొంతు తగ్గించి ‘తెల్లబట్ట’ యని చెప్పుకొను బాధ ఒకే వ్యాధి కాదు. అందు పెరుగు తరకలవంటి స్రావముతో, రాత్రులు నిదుర పట్టనీయని దురదతో, దుర్వాసన యంతగా లేకుండ వచ్చునది కాండిడా యను ఈస్టు జాతి శిలీంధ్రము చేయు పని. 1923లో ఆ పేరు పెట్టినది బెర్క్‌హౌట్ అను డచ్చి విదుషి. లాటినున కాండిడా యన్నను తెలుపే, దాని వెంట వచ్చు ఆల్బికన్స్ అన్నను తెలుపే. మన పల్లెటూరి పేరు ఆ శాస్త్రనామమునకు తీసిపోలేదు.

ఇది పరాయిచోటునుండి వచ్చిపడు శత్రువు కాదు. ఆరోగ్యవతుల యోనియందును కొంత నివసించుచునే యుండును. గర్భమో, అదుపు తప్పిన మధుమేహమో తోడైనప్పుడు, యాంటీబయాటిక్కులు మేలుచేయు బాక్టీరియాను తుడిచిపెట్టినప్పుడు, చోటు దొరికి పెచ్చుపెరుగును. పెనిసిలిను కాలమున వైద్యులకీ చిక్కు ప్రబలముగ తోచెను.

అప్పుడు న్యూయార్కు రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఇద్దరు స్త్రీలు శిలీంధ్రములను చంపు మందును వెదకుటకు పూనిరి. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్కు నగరమున మట్టిలోని సూక్ష్మజీవులను పెంచి, శిలీంధ్రములపై ప్రయోగించి, పనికివచ్చునని తోచినవానిని గాజుజాడీలలో తపాలా ద్వారా ఆల్బనీకి పంపెడిది; అచ్చట రసాయనవేత్త రేచెల్ బ్రౌన్ అందలి సారమును వేరుచేసి మరల తపాలాలోనే త్రిప్పిపంపెడిది. శిలీంధ్రమును చంపినవానిలో పెక్కు ప్రయోగజంతువులను గూడ చంపెడివి. తుదకు 1948లో వర్జీనియాలోని నోర్స్ అను మిత్రుల పాడిక్షేత్రపు మట్టిలో కోరినది దొరకెను. ఆ మట్టిలోని సూక్ష్మజీవికి నోర్స్ పేరే నిలిచెను. దానినుండి తీయగా 1950లో లోకమునకు వెల్లడియైన మందునకు న్యూయార్కు స్టేట్ పేరిట నిస్టాటిన్ అని నామకరణము జరిగెను. కోటి ముప్పది లక్షల డాలర్లకు పైబడిన రాయల్టీని ఆ స్త్రీలిద్దరు తమకై యుంచుకొనక పరిశోధనలకే విడిచిరి. 1966లో ఫ్లారెన్సు వరదలో తడిసి బూజుపట్టిన చిత్రములకు సైతము ఈ మందే పూసిరి!

నేడు దాని స్థానమును క్లోట్రిమజోలు, ఒక్క 150 మిల్లీగ్రాముల ఫ్లుకొనజోలు మాత్ర చాలవరకు ఆక్రమించినవి. గర్భిణులకు ఆ మాత్ర తగదు. వారికి లోపల పెట్టుకొను మందు ఏడు దినములు వాడుదురు. దురద యన్నంతనే దుకాణమున క్రీము కొనుట నాకు నచ్చదు, ఇతర వ్యాధులును ఇట్లే మొదలగును గనుక. మాటిమాటికి తిరుగబెట్టినచో రక్తములో చక్కెర చూపించుకొనవలయును. వ్యాధి కాండిడాదే యని తేల్చుకొనుటకు స్రావపు చుక్కను గాజుపలకపై పొటాషియం హైడ్రాక్సైడుతో కలిపి సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో, దేహకణములు కరగిపోయి, కొమ్మలు వేసిన సన్నని దారములును, వాని ప్రక్క మొగ్గ తొడిగిన గుండ్రని గింజలును అగపడును.