యోని ఇన్ఫెక్షన్లు: తిరగబెట్టడానికి కారణాలు

యోని ఇన్ఫెక్షన్లలో తరచుగా కనిపించేవి మూడు. మొదటిది బాక్టీరియల్ వజైనోసిస్, రెండోది క్యాండిడా అనే శిలీంధ్రం వల్ల, మూడోది ట్రైకోమొనాస్ అనే ఏకకణజీవి వల్ల వచ్చేవి. ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం, తిరువూరు వైపు మూడింటికీ ‘తెల్లబట్ట’ అన్న మాటే వినిపిస్తుంది. వేడి చేసిందని సరిపెట్టుకునేవారూ ఉంటారు. వాసన, దురద లేని తెల్లని స్రావం చాలావరకు సహజమే.

ఆరోగ్యంగా ఉన్న యోనిలో లాక్టోబాసిల్లస్ బాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తూ పి.హెచ్.ను సుమారు 3.8–4.5 మధ్య నిలుపుతుంది. లాక్టోబాసిల్లస్ తగ్గి ఇతర బాక్టీరియా పెరిగితే పల్చని స్రావం, చేపల వాసనతో వజైనోసిస్ వస్తుంది. దీనితో ముడిపడిన గార్డ్నెరెల్లా అనే బాక్టీరియాను కనుగొన్న ఘనత సాధారణంగా గార్డ్నర్, డ్యూక్స్‌లకు (1955) దక్కుతోంది. లియోపోల్డ్ 1953లోనే దాన్ని వర్ణించాడు కనుక తొలి స్థానం అతనిదనడమే సబబు. అదొక్కటే కారణమన్న గార్డ్నర్ వాదం మాత్రం నిలవలేదు. జబ్బులేని స్త్రీలలోనూ అది కనిపిస్తుంది.

చికిత్స తరువాత ఏడాదిలోపు సగం మందికి, బహుశా అంతకన్నా ఎక్కువమందికి, వజైనోసిస్ తిరగబెడుతుంది. యోని గోడకు బాక్టీరియా పొరలా అంటుకుని మందుకు పూర్తిగా లొంగకపోవడం ఒక కారణం. భర్త నుంచి మళ్లీ సోకుతుందా అన్నది చాలాకాలం వివాదం. భర్తలకు మాత్రలు మాత్రమే ఇచ్చిన పాత ప్రయోగాలు ఫలించక ఆ ఆలోచన పక్కకు పోయింది. ఆస్ట్రేలియాలో 164 జంటలపై జరిగి 2025లో ప్రచురితమైన ప్రయోగంలో మాత్రలతోపాటు పురుషాంగానికి పూసే క్రీము కూడా ఇచ్చారు. 12 వారాల్లో జబ్బు తిరగబెట్టింది భర్తకూ మందిచ్చిన జంటల్లో 35 శాతం స్త్రీలకు, భార్యకే మందిచ్చిన జంటల్లో 63 శాతానికి. ప్రయోగం చిన్నదే గాని, పాతవాటికన్నా దీని ఆధారమే గట్టిది.

ప్రయోగశాల పరీక్షకు వీల్లేని చోట లక్షణాలను బట్టి మందివ్వడం జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పద్ధతి. దాని ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు ఉంటాయి. కూలి పోగొట్టుకుని మళ్లీమళ్లీ రాలేని మనిషికి ఒక్క మోతాదు సౌకర్యమే. గర్భిణులకు మాత్రం ఫ్లూకొనజోల్ బదులు యోనిలో వాడే మందు ఇస్తారు. ఇన్ఫెక్షనే లేకపోతే కిట్ పనిచేయదు, జబ్బు తిరగబెట్టిందనిపిస్తుంది. గోవాలో పరిశోధకుడు విక్రమ్ పటేల్ బృందం పరిశీలించినప్పుడు తెల్లబట్ట ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్లకన్నా మానసిక, సామాజిక ఒత్తిళ్లతోనే ఎక్కువ సంబంధం కనిపించింది.

క్యాండిడా ఏడాదికి 3 సార్లు (పాత గ్రంథాల్లో 4) వస్తే పునరావృతంగా లెక్క. అదుపులో లేని షుగరు, యాంటీబయాటిక్స్ దానికి దోహదం చేస్తాయి. వారానికొకటి చొప్పున 6 నెలలు ఫ్లూకొనజోల్ వాడితే అణుగుతుంది. ఆపాక చాలామందికి మళ్లీ వస్తుంది. గ్లాబ్రాటా రకం ఆ మందుకు అంతగా లొంగదు. ట్రైకోమొనాస్‌కు భార్యాభర్తలిద్దరికీ చికిత్స తప్పనిసరి. 3 నెలల తరువాత స్త్రీకి మళ్లీ పరీక్ష చేయాలి.